పనుల వరుస – పనిముట్ల పంపకము

రేడియో యెదుట కూర్చుండి సంగీతమును శ్రద్ధతో వినువారిలో, వాల్వుల కాలపు ఆంప్లిఫయర్లను ఎరిగినవారికి విలియంసన్ అను పేరు క్రొత్తది కాదు. 1947వ సంవత్సరమున ‘వైర్‌లెస్ వరల్డ్’ అను ఆంగ్ల పత్రికలో డి. టి. ఎన్. విలియంసన్ ఒక ఆంప్లిఫయరు నిర్మాణక్రమమును ప్రకటించెను. శబ్దమును వికృతము చేయక, ఉన్నదున్నట్లు పెద్దది చేయుటలో అది ఆనాటి సాధనములకు ఒరవడి అయ్యెను. అనేక దేశములలోని ఔత్సాహికులు దానిని తమ యిండ్లలో స్వయముగా నిర్మించుకొనిరి. ఆ విలియంసనే తరువాత యంత్రశాలల వైపు దృష్టి మరల్చెనన్న సంగతి మాత్రము చాలమందికి తెలియదు.

1961లో ఆయన లండను నగరమున డెట్‌ఫర్డులోని మోలిన్స్ అను సంస్థలో చేరెను. అది సిగరెట్లు చుట్టు యంత్రములను తయారుచేయు సంస్థ. ఆ యంత్రములకు కావలసిన లోహభాగములు వేలకొలది రకములు. ఒక్కొక్క రకము కొద్ది సంఖ్యలోనే కావలెను. వీనిని త్వరగా చేయుటకు విలియంసన్ ఒక క్రొత్త ఏర్పాటును ఊహించెను. 1967లో లోకమునకు వెల్లడియైన ఆ ఏర్పాటు పేరు ‘సిస్టమ్ 24’. దినమునకు 24 గంటలును నడువవలెనని దానికా పేరు. పగటివేళ మనుష్యులు లోహపు దిమ్మలను ప్యాలెట్లు అను పీటలపై బిగించి అరలలో సర్దుదురు. మిగిలిన 16 గంటలును కంప్యూటరు ఆజ్ఞ ననుసరించి ఆ పీటలు యంత్రమునుండి యంత్రమునకు పోవుచుండవలెను. రాత్రి షిఫ్టునకు మనుష్యులు నిద్ర మాని యంత్రముల చెంత నిలువనక్కరలేదు. ఇదియే ఆయన సంకల్పము.

నేడు ‘ఫ్లెక్సిబుల్ మాన్యుఫాక్చరింగ్ సిస్టమ్’ అని పిలువబడుచున్న వ్యవస్థలకు ఇది తొలి రూపములలో ఒకటి. ఒకే వస్తువును కాక, నేడొక రకము, రేపొక రకము, కావలసిన దానిని కావలసినంత చేయుటకు అనువుగా మారగలది గనుక దానికి ఆ పేరు వచ్చినది. కాని మనుష్యుడు లేని ఆ రాత్రివేళ ఏ భాగము ముందు పోవలెను? ఏ యంత్రము చెంత ఏ పనిముట్టు ఉండవలెను? ఈ రెండు ప్రశ్నలకును సాయంకాలమే సమాధానము వ్రాసి పెట్టవలెను. ఆ సమాధానమును ఎట్లు వెదకుదురో మనవి చేయుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ముందుగా, ఇంత శ్రమ ఏల యని ఎవరైన అడుగవచ్చును. లక్షలకొలది ఒకే రకపు బోల్టులు చేయు కర్మాగారమున వరుసను గూర్చిన చింత తక్కువ. యంత్రములన్నియు ఆ ఒక్క పనికే అమర్చబడి యుండును. కాని పంపులు, గేరుపెట్టెలు, మగ్గపు భాగములు మున్నగు వానిని పదులలోను వందలలోను చేయు యంత్రశాలల సంగతి వేరు. ఇట్టి యంత్రశాలలను గూర్చి అమెరికాలో సిన్సినాటి మిలాక్రాన్ సంస్థకు చెందిన కార్టరు 1971 ప్రాంతమున ఒక లెక్క చెప్పెను. ఒక లోహభాగము యంత్రశాలలో 100 గంటలు గడిపినచో, అందులో 95 గంటలు అటునిటు మోయబడుటలోను, తన వంతు కొరకు వేచియుండుటలోను గడచిపోవును. యంత్రముమీద ఉండునది 5 గంటలే. ఆ అయిదింటిలోను లోహమును నిజముగా కోయుట సుమారు గంటన్నర మాత్రమే. తక్కిన కాలము బిగించుట, కొలుచుట, పనిముట్టు మార్చుట అను వానికి సరిపోవును.

ఈ లెక్కను తలచినచో విషయము స్పష్టమగును. కోత వేగమును రెండింతలు చేసినను మిగులునది ముప్పాతిక గంటయే. వేచియుండుటను సగము చేసినచో మిగులునది నలువది గంటలకు పైమాట. కనుక లాభము ఇనుమును కోయు చోట కంటె, ఇనుము నిలిచియున్న చోటనే ఎక్కువగా దాగియున్నది.

ఇక యంత్రము సంగతి. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున, చిల్లులు పొడిచిన కాగితపు పట్టీనుండి అంకెలను గ్రహించి, వానిననుసరించి కదలు మిల్లింగు యంత్రమును ప్రదర్శించిరి. దాని సంతతియే నేటి మెషీనింగ్ సెంటరు. మిల్లింగు, రంధ్రములు పొడుచుట, మరలు తీయుట మున్నగు పలు పనులను ఇది ఒక్కటే చేయును. దానికి కావలసిన పనిముట్లు – మన కార్మికులు వీనిని ‘టూళ్లు’ అందురు – యంత్రము ప్రక్కనే ఒక చక్రమునందో గొలుసునందో గూళ్లలో అమర్చియుండును. దానికి మ్యాగజీను అని పేరు. చిన్న యంత్రములలో 20 గూళ్లు, పెద్ద వానిలో 60, 100, అంతకు మించియు ఉండును. గూటిలో ఉన్న పనిముట్టును తీసికొనుటకు యంత్రమునకు కొన్ని సెకండ్లు చాలును. గూటిలో లేనిదే కష్టము. దానిని టూలు గదినుండి తేవలెను. పొడవును కొలిచి, ఆ కొలతను యంత్రమునకు తెలుపవలెను. ఒక గూడు ఖాళీచేసి అందు పెట్టవలెను. సెకండ్ల పని నిమిషములలోనికి పెరుగును. ఎన్ని గూళ్లున్నను, చేయవలసిన భాగముల రకములు హెచ్చినకొలది అవి చాలవు.

ఒక చిన్న ఉదాహరణమును తీసికొందము. శ్రోతలు ఇష్టమైనచో కాగితము, పెన్సిలు చేతబట్టవచ్చును. మ్యాగజీనులో గూళ్లు 4 మాత్రమే యనుకొందము. పనిముట్లు 6: మిల్లింగు కట్టరు, డ్రిల్లు, ట్యాపు, కౌంటరుసింకు, బోరింగు బారు, రీమరు. చేయవలసిన భాగములు నాలుగు. పంపు మూతకు కట్టరు, డ్రిల్లు, ట్యాపు కావలెను. బేరింగు గూటికి బోరింగు బారు, రీమరు, కౌంటరుసింకు. గొట్టపు ఫ్లేంజికి డ్రిల్లు, ట్యాపు, కౌంటరుసింకు. గేరుపెట్టెకు బోరింగు బారు, రీమరు, కట్టరు.

ఆర్డర్లు వచ్చిన వరుసలోనే, అనగా ఇప్పుడు చెప్పిన వరుసలోనే, పని సాగింతము. మొదట కట్టరు, డ్రిల్లు, ట్యాపులతో పాటు నాలుగవ గూటిలో బోరింగు బారు పెట్టి పంపు మూత ముగింతుము. బేరింగు గూటికి రీమరు, కౌంటరుసింకు క్రొత్తగా తేవలెను; కట్టరును ట్యాపును తీసివేసి వానికి చోటిత్తుము. ఇవి రెండు మార్పులు. ఫ్లేంజికి ట్యాపు మరల కావలెను. రీమరును తీసి ట్యాపును పెట్టితిమి. మూడవ మార్పు. గేరుపెట్టె వచ్చుసరికి రీమరు, కట్టరు రెండును లేవు. మరి రెండు మార్పులు. వెరసి అయిదు. ఈ వరుసలో ఎంత జాగ్రత్తపడినను అయిదింటికి తగ్గదు.

ఇప్పుడు వరుసను మార్తము. పంపు మూత, ఫ్లేంజి, బేరింగు గూడు, గేరుపెట్టె. మొదటనే నాలుగవ గూటిలో కౌంటరుసింకు పెట్టుదుము. పంపు మూతయు, ఫ్లేంజియు ఏ మార్పును లేకుండ ముగియును. బేరింగు గూటికి బోరింగు బారును రీమరును తేవలెను. డ్రిల్లు, ట్యాపులతో ఇక పనిలేదు గనుక వానిని తీసివేయుదుము, కట్టరును మాత్రము ఉంచుదుము. గేరుపెట్టెకు కావలసిన మూడును సిద్ధముగా నున్నవి. మొత్తము మార్పులు రెండే. ఇంతకంటె తక్కువ సాధ్యము కాదు. ఏలయన పనిముట్లు ఆరు, గూళ్లు నాలుగు, రెండింటిని తరువాత తేక తప్పదు. ఒక్కొక్క మార్పునకు 10 నిమిషములు పట్టుననుకొన్నచో, మొదటి వరుసలో 50 నిమిషములు, రెండవ దానిలో 20 నిమిషములు యంత్రము ఊరక నిలుచును. అదే యంత్రము, అవే పనిముట్లు, అవే భాగములు. మారినది వరుస ఒక్కటే.

ఇందులో మరియొక సూక్ష్మము కలదు. బేరింగు గూటి సమయమున డ్రిల్లునకు బదులు కట్టరును తీసివేసియున్నచో, గేరుపెట్టెకు దానిని మరల తేవలసి వచ్చును. కనుక వరుసతో పాటు, దేనిని ఉంచవలెను, దేనిని పంపివేయవలెను అనునది కూడ విచారింపవలెను. దీనికి 1988లో టాంగ్, డెనార్డో అను ఇద్దరు పండితులు ఒక సులభమైన సూత్రము చెప్పి, అది సరియైనదని నిరూపించిరి. ‘తొందరలో మరల కావలసిన దానిని ఉంచుము, అన్నిటికంటె ఆలస్యముగా కావలసిన దానిని తీసివేయుము’ అనునదే ఆ సూత్రపు సారాంశము. మన వంటయిండ్లలో ఇది క్రొత్త మాట కాదు. గట్టుమీద చోటు చాలనప్పుడు సంక్రాంతికి తప్ప అక్కరలేని అరిసెల మూకుడు అటక యెక్కును గాని, సాయంకాలము కావలసిన పాలగిన్నె యెక్కదు. విచిత్రమేమనగా, కంప్యూటరు తన జ్ఞాపకపు అరలలో దేనిని ఉంచుకొనవలెనను ప్రశ్నకు 1966లోనే బెలాడీ అను శాస్త్రజ్ఞుడు ఇదే సమాధానము చెప్పియుండెను.

అయితే ఈ సూత్రము, వరుస ముందే నిర్ణయమైనచో పనికివచ్చును. ఆ వరుసను నిర్ణయించుటయే గొప్ప చిక్కు. నాలుగు భాగములను 24 విధములుగా వరుసపెట్టవచ్చును. పది భాగములైనచో ఆ విధములు 36,28,800. ఇరువదియైనచో ఆ సంఖ్య వ్రాయుటకు 19 అంకెలు పట్టును. అన్నిటిని ఒక్కొక్కటిగా పరీక్షింపవలెనన్న కంప్యూటరుకైనను తరము కాదు. ఈ సమస్య స్వభావము చేతనే కఠినమైనదని 1994లో క్రామా మొదలైనవారు గణితముతో చూపిరి. కనుక యంత్రశాలలలో పరిపూర్ణమైన వరుసను గాక, తగినంత మంచి వరుసను తగినంత త్వరగా కనుగొను ఉపాయములనే వాడుచున్నారు. ఒకే పనిముట్లను కోరు భాగములను ఒక గుంపుగా చేర్చుట అందు మొదటి ఉపాయము. మన ఉదాహరణమున చేసినది అదియే.

ఇంతవరకు ఒక యంత్రమును గూర్చి చెప్పితిమి. యంత్రములు పలువైనచో చిక్కు మరింత పెరుగును. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున, పియోరియా ప్రాంతములో, ట్రాక్టర్లు చేయు క్యాటర్‌పిల్లరు సంస్థ తొమ్మిది యంత్రములతో ఇట్టి వ్యవస్థ నొకదానిని నెలకొల్పెను. పర్‌డ్యూ విశ్వవిద్యాలయమునకు చెందిన కాథరిన్ స్టెకీ, జేమ్స్ సోల్‌బర్గు అనువారు దానిని పరిశీలించి 1981 మొదలుకొని తమ ఫలితములను ప్రకటించిరి. ఏ పనిముట్టును ఏ యంత్రమునకు పంచవలెను అనునది వారి ముఖ్య ప్రశ్నలలో ఒకటి. ఒక రీమరును ఒక్క యంత్రముననే ఉంచినచో, ఆ రీమరు కావలసిన భాగములన్నియు ఆ యంత్రము వాకిటనే బారులు తీరును; ప్రక్క యంత్రము ఖాళీగా ఉన్నను ఫలము లేదు. అన్ని యంత్రములకును ఒక్కొక్కటి కొనిపెట్టినచో ధనము ఖర్చగును, గూళ్లు నిండిపోవును.

వారి ఫలితములలో ఒకటి మన లోకజ్ఞానమునకు కొంత విరుద్ధముగా తోచును. కొన్ని యంత్రములను ఒకే తీరు పనిముట్లతో నింపి జట్టుగా చేసినచో, ఆ జట్టులో ఏది ఖాళీయైనను పనిని అందుకొనును. రైల్వే స్టేషనులో మూడు కిటికీలకును కలిపి ఒకే వరుస ఉన్నచో జనము త్వరగా కదలును గదా! మరి ఒక జట్టున మూడు యంత్రములు, ఇంకొక చోట ఒంటరి యంత్రము ఒకటి యున్నచో పనిని ఎట్లు పంచవలెను? ఒక్కొక్క యంత్రమునకు సమానముగా పంచుట న్యాయమని తోచును. కాని ఒంటరి యంత్రముకంటె జట్టులోని ఒక్కొక్క యంత్రమునకు కొంత అధికముగా పని నిచ్చినప్పుడే మొత్తము ఉత్పత్తి హెచ్చునని వారు చూపిరి. జట్టు బలము అంతటిది.

ఇక, యంత్రము ఖాళీయైన క్షణమున మూడు భాగములు వేచియున్నవనుకొందము. ఒకదాని పని 60 నిమిషములు, రెండవది 10, మూడవది 5. వచ్చిన వరుసలో చేసినచో అవి 60వ, 70వ, 75వ నిమిషములకు ముగియును. సగటున 68 నిమిషములకు పైన. చిన్నదానితో మొదలిడినచో 5వ, 15వ, 75వ నిమిషములకు ముగియును. సగటు 32 నిమిషములకు లోపు. మొత్తము పనికాలము రెండింటను 75 నిమిషములే. సగటు తగ్గించుటకు చిన్న పని ముందు చేయవలెనను నియమమును స్మిత్ అనునతడు 1956లో వివరించెను. ఆలస్యములలో మిక్కిలి పెద్దదానిని తగ్గించుటకు గడువు దగ్గరపడిన పనిని ముందు చేయవలెనని జాక్సన్ 1955లోనే చెప్పెను. ఈ రెండు నియమములు ఒక్కొక్కసారి ఒకదానినొకటి త్రోసిపుచ్చును. చిన్న పనులకే పీట వేయుచున్నచో పెద్ద పని ఎప్పటికిని వెనుకబడియే యుండును. ఏది మనకు ముఖ్యమో ముందు తేల్చుకొనక నియమమును ఎన్నుకొనుట తగదు.

లెక్కలలో ఒదుగని వస్తువు మరియొకటి కలదు. అది పనిముట్టు అరుగుదల. కోత వేగము కొంచెము పెంచినను పనిముట్టు ఆయుర్దాయము చాల తగ్గిపోవునని ఎఫ్. డబ్ల్యు. టైలరు దీర్ఘకాలము ప్రయోగములు చేసి 1907లో ప్రచురించిన గ్రంథమున చూపెను. పగటివేళ డ్రిల్లు మొద్దుబారినచో చెంతనున్న కార్మికుడు ధ్వని విని గ్రహించును. మనుష్యుడు లేని రాత్రి రెండు గంటలకు డ్రిల్లు విరిగినచో, దాని వెనుక వేచియున్న భాగములన్నియు తెల్లవారువరకు అట్లే యుండును, లేదా చెడిపోవును. అందుచే అదే కొలతగల మారు డ్రిల్లును ఇంకొక గూటిలో పెట్టుదురు. అది భద్రతయే. కాని దానివలన ఒక గూడు తగ్గినది. రాత్రి చేయదగిన భాగముల రకములును తగ్గినవి.

విలియంసన్ సంకల్పమునకు ఏమైనదని శ్రోతలు అడుగుదురు. 1970 దశకపు తొలి సంవత్సరములలోనే మోలిన్స్ సంస్థ ఆ ప్రయత్నమును విడిచిపెట్టెను. ఆలోచన మాత్రము నిలిచినది. తరువాతి దశకములలో పలు దేశముల కర్మాగారములు దానిని తమ తమ రీతుల స్వీకరించినవి. రాత్రియంతయు మనుష్యుడు లేకుండ నడచు యంత్రశాలలు నేడు కలవు. కాని వానిని నడుపునది వేగము మాత్రమే కాదు. సాయంకాలము వ్రాసిపెట్టిన వరుస, గూళ్లలో సర్దిన పనిముట్లు. అవి తప్పినచో ఎంత ఖరీదు యంత్రమైనను ఊరక నిలుచును. ఊరక నిలిచినను దానిపై తెచ్చిన అప్పునకు వడ్డీ మాత్రము నిలువదు.

ఇది పెద్ద దేశముల పెద్ద సంస్థల సంగతి, మనకేమి పట్టినదని అనుకొనరాదు. హైదరాబాదులో బాలానగరు ప్రాంతము యంత్రశాలలకు ప్రసిద్ధము. పనిముట్ల రూపకల్పనను నేర్పు కేంద్ర విద్యాసంస్థ 1968లో అక్కడనే వెలసినది. విజయవాడ ఆటోనగరు సంగతి అందరు నెరిగినదే. అప్పుచేసి ఒక్క మెషీనింగ్ సెంటరు కొనిన చిన్న యజమానికి గూళ్లు 20 లేక 24. పలువురు కొనుగోలుదారుల పనులను ఆ గూళ్లలోనే ఇముడ్చుకొనవలెను. అట్టివారికి ఈ శాస్త్రము కంప్యూటరు లేకున్నను అక్కరకు వచ్చును.

వారికి మేము చేయదగిన సూచనలు నాలుగు. వారమున చేయవలసిన భాగములను, ఒక్కొక్క దానికి కావలసిన పనిముట్లను ఒక కాగితముమీద పట్టికగా వ్రాయుడు. అన్నిటికిని తరచుగా కావలసిన పనిముట్లకు కొన్ని గూళ్లను శాశ్వతముగా కేటాయింపుడు. మిగిలిన పనిముట్లలో పోలిక గల భాగములను వెంట వెంట చేయుడు. అయితే గడువు మీరు భాగమును పోలిక కొరకు వెనుకకు నెట్టకుడు. యంత్రము ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏ కారణమున నిలిచినదో గోడమీద పలకపై గుర్తింపుడు. నెలతిరుగక ముందే, కాలము ఎక్కడ పోవుచున్నదో ఆ పలకయే చెప్పును.

తుదకు ఒక మాట. వరుసను లెక్కించువాడు గదిలో ఉండును. పనిముట్టు ఎంత అరిగినదో, ఏ బిగింపు మొరాయించునో యంత్రము చెంత నిలుచు కార్మికునకు తెలియును. వానిని అడుగక వ్రాసిన వరుస కాగితముమీద ఎంత అందముగా ఉన్నను యంత్రశాలలో నిలువదు. రాత్రి మేలుకొను శ్రమను మనుష్యునకు తప్పింపవలెనని ఈ విద్య పుట్టినది. ఆ మనుష్యుని అనుభవమును పగటివేళ చెవినిడి వినినప్పుడే అది ఫలించును.